గ్రూపింగ్ సెట్లు: పట్టికా, బాణాలా, కేసులా, ఆప్షన్లా – ఏది మేలు?

ఐఐఎంల ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌లో డీఐఎల్‌ఆర్ (డేటా ఇంటర్‌ప్రిటేషన్, లాజికల్ రీజనింగ్) సెక్షన్‌కి ఇచ్చేది 40 నిమిషాలు. 2024 పేపర్లో అందులో 5 సెట్లు (ఒకే సమాచారం మీద అడిగే ప్రశ్నల గుంపులు), మొత్తం 22 ప్రశ్నలు వచ్చాయి. సమంగా పంచితే సెట్‌కి 8 నిమిషాలు. అలా ఐదూ ముగించేవాళ్లు అరుదు. మూడు సెట్లు ఏరుకుని ఒక్కోదానికి 12, 13 నిమిషాలు పెట్టడమే చాలామందికి కుదిరే దారి. ఆ మూడింటిలో ఒకటి "ఎవరు టీమ్‌లో, ఎవరు బయట" రకమో, "ఎవరు ఏ గ్రూపులో" రకమో (ఇవే గ్రూపింగ్ సెట్లు) అయితే మొదలుపెట్టిన పద్ధతిని బట్టే దాని గతి ఉంటుంది. సరైన దారి పడితే ఆరేడు నిమిషాల్లో తేలిపోతుంది. లేదంటే పావుగంట మింగి ఒక్క మార్కూ ఇవ్వదు.

వాడుకలో ఉన్న పద్ధతులు నాలుగు: టిక్కులు, ఇంటూలు పెట్టే పట్టిక, షరతుల్ని బాణాలుగా రాసి గొలుసు కట్టడం, సాధ్యమైన కేసులన్నీ రాసేయడం, ఆప్షన్ల నుంచి వెనక్కి రావడం. మా లెక్కలో బాణాలూ, సీట్ల లెక్కా (లోపల, బయట ఎన్ని చోట్లు ఉన్నాయో చూడటం) ఏ సెట్‌కైనా మొదట రావాలి. మిగతా మూడింటిలో ఏది వాడాలన్నది ఆ తర్వాత మిగిలిన ఖాళీల్ని చూసి తేల్చుకోవాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులు. సెట్ చదవకముందే పట్టిక గీసేస్తారు.

ఒక సెట్ తీసుకుందాం. అనిత, భాను, చందు, దివ్య, ఈశ్వర్, ఫణి, గీత – ఈ ఏడుగురిలోంచి నలుగురితో క్విజ్ టీమ్ వేయాలి. షరతులు ఇవి:

1. అనిత ఉంటే భాను ఉండకూడదు.
2. చందు ఉంటే దివ్య ఉండాలి.
3. ఈశ్వర్ లేకపోతే ఫణి ఉండాలి.
4. గీత ఉంటే అనిత ఉండాలి.
5. దివ్య ఉంటే ఫణి ఉండకూడదు.

పట్టికతో మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఏడు పేర్లు రాసి పక్కన ఒక గడి పెట్టుకుంటే, ఐదు షరతుల్లో ఒక్కటి కూడా ఆ గడిలో ఎక్కదు. అన్నీ "ఉంటే", "లేకపోతే" షరతులే. ఫలానా మనిషి కచ్చితంగా ఉన్నాడని గానీ లేడని గానీ ఒక్కటీ చెప్పదు. పట్టిక ఖాళీగా ఉంటుంది, షరతులు పక్కన వేలాడుతుంటాయి.

బాణాలతో అయితే ఇవే షరతులు రెండు వరుసల్లోకి వస్తాయి. రెండో షరతు, ఐదోది, మూడోది కలిపితే:

చందు ఉంటే → దివ్య ఉంటుంది → ఫణి ఉండడు → ఈశ్వర్ ఉంటాడు.

నాలుగోది, ఒకటోది కలిపితే:

గీత ఉంటే → అనిత ఉంటుంది → భాను ఉండడు.

ప్రతి గొలుసునీ వెనక నుంచి, ఉన్నదాన్ని లేనిదిగా మార్చి మరోసారి రాయాలి. ఈశ్వర్ లేకపోతే → ఫణి ఉంటాడు → దివ్య ఉండదు → చందు ఉండడు. భాను ఉంటే → అనిత ఉండదు → గీత ఉండదు. మొత్తం నాలుగు లైన్లు. ఒకటిన్నర నిమిషం మించి పట్టకూడదు.

ఎక్కువమంది జారేది కూడా ఇక్కడే. "గీత ఉంటే అనిత" అన్నదాన్ని "అనిత ఉంటే గీత" అని తిప్పి రాసేస్తారు. మిగతా షరతులన్నీ సరిగ్గానే రాసినా, ఈ ఒక్క తిరగేతతో టీమ్‌ల సంఖ్య 4కి బదులు 6 అవుతుంది. రెండు వైపులా బాణం పెట్టేస్తే 3 అవుతుంది. మూడో షరతుది ఇంకో రకం ఉచ్చు. "ఈశ్వర్ లేకపోతే ఫణి" అంటే ఇద్దరిలో కనీసం ఒకరు ఉండాలని. ఇద్దరూ కలిసి ఉండొచ్చు. దాన్ని "ఇద్దరిలో ఒక్కరే" అని చదివితే ఒక సరైన టీమ్ చేజారిపోతుంది. పేపర్లో ఇదే షరతు "అన్‌లెస్" రూపంలో వస్తుంది. ఆ మాట కనిపించగానే "కాకపోతే" అని చదువుకుని బాణం గీస్తే సరిపోతుంది. "ఓన్లీ ఇఫ్" తర్వాత వచ్చిన మాట మాత్రం బాణం మొన దగ్గరికి వెళ్లాలి, మొదటికి కాదు.

బాణాలు ఒక్కటే చాలవు. గొలుసులు గీశాక కూడా ఎవరు కచ్చితంగా ఉంటారో ఇంకా తెలీదు. తెలిపేది సీట్ల లెక్క. అందరూ లోపలి నాలుగు సీట్లు గీస్తారు, బయటి మూడింటిని వదిలేస్తారు. పని ఎక్కువ జరిగేది బయటే. అనిత, భానుల్లో కనీసం ఒకరు బయట ఉండాలి, కాబట్టి ఒక సీటు వాళ్లది. దివ్య, ఫణుల్లో కనీసం ఒకరు బయట, ఇంకో సీటు వాళ్లది. మిగిలింది ఒక్క సీటు. అంటే చందు, ఈశ్వర్, గీతల్లో బయటికి వెళ్లగలిగేది ఒక్కరే.

ఆ ఒక్కరూ ఈశ్వర్ అనుకోండి. అప్పుడు చందు లోపల ఉంటాడు, కాబట్టి దివ్య ఉంటుంది, ఫణి ఉండడు. కానీ ఈశ్వర్ లేకపోతే ఫణి ఉండాలి కదా. కుదరదు. కాబట్టి ఈశ్వర్ ప్రతి టీమ్‌లోనూ ఉంటాడు. షరతులు చదివినప్పుడు "ఈశ్వర్ లేకపోతే" అనే మాట ఉందే గానీ, ఈశ్వర్ లేని టీమ్ ఒక్కటీ లేదు. ప్రశ్న పెట్టినవాళ్లు దాచింది ఇదే.

చందు, గీత ఇద్దరూ లోపలే ఉంటే? ఈశ్వర్, చందు, దివ్య, గీత, అనిత – ఐదుగురయ్యారు. అదీ కుదరదు. ఇక మిగిలినవి రెండే కేసులు.

చందు బయట, గీత లోపల: ఈశ్వర్, గీత, అనిత ఖాయం, భాను బయట. నాలుగో సీటు దివ్యదో ఫణిదో. రెండు టీమ్‌లు.

గీత బయట, చందు లోపల: ఈశ్వర్, చందు, దివ్య ఖాయం, ఫణి బయట. నాలుగో సీటు అనితదో భానుదో. రెండు టీమ్‌లు.

మొత్తం నాలుగే టీమ్‌లు. ఈ స్థితికి వచ్చాక కేసులు రాయడాన్ని మించిన పద్ధతి లేదు. నాలుగు లైన్లు కాగితం మీద ఉంటే తర్వాతి ప్రశ్నలన్నీ చూసి చెప్పేయడమే. భాను ఉంటే మిగతా ముగ్గురెవరు? చందు, దివ్య, ఈశ్వర్. ఫణి ఉన్న టీమ్‌లు ఎన్ని? ఒకటి. ఒక్కో ప్రశ్నకి పది, పదిహేను సెకన్లు. సెట్ మొత్తం ఆరు నిమిషాల లోపు.

బాణాలు, సీట్ల లెక్క లేకుండా నేరుగా కేసులకి దిగితే? ఏడుగురిలో నలుగురిని 35 రకాలుగా ఎంచొచ్చు. ఒక్కో టీమ్‌ని ఐదు షరతులతో సరిచూడాలి. కష్టపడితే అవుతుంది, కానీ 35లో ఒకటి రాయడం మర్చిపోయారో, రెండుసార్లు రాశారో కనిపెట్టే మార్గం ఉండదు. కేసులు రాసే పద్ధతికి చెడ్డపేరు వచ్చింది ఇలా వాడినందుకే.

ఇప్పుడు కేసులు పూర్తిగా చేతులెత్తేసే సెట్. క, గ, చ, జ, ట, త, న, ప, ర – తొమ్మిది మంది. విశాఖ, విజయవాడ, తిరుపతి వెళ్లే మూడు బస్సుల్లో ముగ్గురేసి ఎక్కాలి. క, గ ఒకే బస్సు. చ, జ వేర్వేరు బస్సులు. ట, త వేర్వేరు బస్సులు. న విశాఖ బస్సు. ప, ర మీద ఏ షరతూ లేదు.

షరతులేవీ లేకపోతే 1680 అమరికలు. ఈ నాలుగు షరతులూ పెట్టాక కూడా 72 మిగులుతాయి. వాటిని రాయాలనుకోవడమే పొరపాటు. షరతు లేనివాళ్లు ఇద్దరున్నారు, ఏ బస్సూ నిండలేదు, "వేర్వేరు" షరతులు ఎవర్నీ ఫలానా చోట కూర్చోబెట్టవు. ఈ మూడు లక్షణాలు కనిపిస్తే కేసుల జోలికి వెళ్లొద్దు.

పట్టిక ఇక్కడ కాస్త మెరుగు, కానీ అనుకున్నంత కాదు. ఒక్కరికి ఒక్కటే దక్కే సెట్ ఉంటుంది చూడండి, ఐదుగురికి ఐదు ఉద్యోగాల్లాంటిది. అందులో 5×5 పట్టికలో ఒక్క టిక్కు పెడితే ఆ వరుసలో నాలుగు, ఆ నిలువులో నాలుగు, మొత్తం ఎనిమిది గడులు మూసుకుపోతాయి. పట్టిక బలం అదే. బస్సుల సెట్‌లో 9×3 పట్టిక గీస్తే ఒక టిక్కుకి మూసుకునేవి రెండే గడులు. ఆ నిలువు మూడు టిక్కులు పడేదాకా తెరిచే ఉంటుంది. 27 గడులు గీయడానికి పెట్టిన నిమిషం తిరిగి రాదు.

ఈ సెట్‌కి పనికొచ్చేది మూడు బస్సులకీ మూడేసి గీతలు గీసి, విశాఖ కింద న రాసి, క-గ ని ఒకే డబ్బాలో పెట్టి పక్కన ఉంచుకోవడం. ఆ జంట ఏ బస్సెక్కినా అందులో మిగిలేది ఒక్క సీటే. ఇక ప్రతి ప్రశ్నకీ విడిగా ఒక చిన్న వరుస గీసుకోవాలి.

ఉదాహరణకి: ప, ర ఇద్దరూ విశాఖ బస్సులో ఉండొచ్చా? పెట్టి చూడండి. న, ప, ర తో విశాఖ నిండింది. జంట మిగతా రెండింట్లో ఒక బస్సెక్కుతుంది, పక్కన ఒకరు. చ, జ, ట, త ల్లో మిగిలిన ముగ్గురు చివరి బస్సు ఎక్కాలి. రెండు "వేర్వేరు" జతల్లోంచి ముగ్గుర్ని ఒకచోట పెడితే ఏదో ఒక జత కలిసిపోతుంది. కాబట్టి కుదరదు. ఇరవై సెకన్ల పని. పైగా దీంతో ఇంకో సంగతి బయటపడింది: జంట గానీ న గానీ లేని బస్సులో ప, ర ల్లో కనీసం ఒకరు ఉండి తీరాలి. ఇలాంటిది దొరికితే వెంటనే పై బొమ్మ పక్కన రాసేయండి, తర్వాతి ప్రశ్నలకి పనికొస్తుంది.

ఇంకోటి: న, చ, ట ఒకే బస్సు అయితే ఎన్ని అమరికలు? విశాఖ నిండింది. మిగిలిన జ, త, ప, ర నలుగురిలో ఒకరు జంట పక్కకి, ముగ్గురు చివరి బస్సుకి. వాళ్ల మధ్య గొడవ పెట్టే షరతు ఏదీ మిగల్లేదు కాబట్టి 4 రకాలు. జంట విజయవాడలోనా తిరుపతిలోనా అన్నదానికి 2. మొత్తం 8. అన్నీ రాసుకుని వెతకనక్కర్లేదు.

ఆప్షన్ల నుంచి వెనక్కి రావడం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. "కిందివాటిలో కుదిరే టీమ్ ఏది?" అనే ప్రశ్నకి అది రాజమార్గం. ఒక్కో ఆప్షన్‌ని ఐదు షరతులతో చూడటం కాదు, ఒక్కో షరతుని తీసుకుని నాలుగు ఆప్షన్ల మీదా నడపాలి. అనిత, భాను కలిసిన ఆప్షన్ కొట్టేయి, దివ్య లేకుండా చందు ఉన్నది కొట్టేయి – అలా. అరనిమిషంలో ఒకటే మిగులుతుంది. "తప్పనిసరిగా ఉండేది ఎవరు?" అన్నప్పుడు మాత్రం ఈ దారి ఖరీదైనది. ఒక్కో పేరుకీ, ఆ మనిషి లేకుండా టీమ్ అవుతుందా అని మళ్లీ మొదట్నుంచి చూడాలి. ఇక ఆప్షన్లే లేకుండా అంకె టైప్ చేయాల్సిన ప్రశ్నలకి ఇది అసలే పనికిరాదు. క్యాట్‌లో అలాంటి ప్రశ్నలకి తప్పు రాసినా మార్కు పోదు, ఆప్షన్ల ప్రశ్నకి ఒప్పైతే 3, తప్పైతే 1 పోతుంది. కాబట్టి అరకొరగా తేలిన సెట్‌లో రెండు ఆప్షన్ల దాకా కొట్టేసి ఆగిపోతే ఊహించే ముందు ఆలోచించాలి, అంకె ప్రశ్నని మాత్రం ఖాళీగా వదలకూడదు.

బాణాల పద్ధతిని బాగా పదునుపెట్టింది అమెరికా లా స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్. అందులో 35 నిమిషాలకి నాలుగు లాజిక్ గేమ్స్ ఉండేవి. చూపు లేని అభ్యర్థులు వేసిన కేసులో 2019లో రాజీ కుదిరాక, 2024 ఆగస్టు నుంచి ఆ విభాగాన్నే తీసేశారు. ఇప్పుడు ఎల్‌శాట్ రాసే తెలుగు విద్యార్థులకి ఈ సాధన అక్కర్లేదు. క్యాట్ వాళ్లకి మాత్రం ఆ పాత గేమ్స్ మంచి మేతే, ఒక్క జాగ్రత్తతో. అక్కడ అన్నీ ఐదు ఆప్షన్ల ప్రశ్నలు, లెక్కలు దాదాపు ఉండవు. క్యాట్‌లో షరతుల మధ్య మొత్తాలు, సగటులు, స్కోర్లు కలిపేస్తారు. ఎల్‌శాట్ గేమ్స్ మీదే సాధన చేసినవాళ్లు గొలుసులు చకచకా కడతారు, "ఎన్ని టీమ్‌లు?" అనగానే తడబడతారు. ఆ గేమ్స్ చేసినప్పుడు చివర్లో ఆప్షన్లు మూసి, మొత్తం ఎన్ని అమరికలున్నాయో కూడా లెక్కపెట్టడం అలవాటు చేసుకుంటే ఆ లోటు తీరుతుంది.

తెలుగు రాష్ట్రాల ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ సంగతి వేరు. ఏపీలోనైనా తెలంగాణలోనైనా 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి 45 సెకన్లు, నెగెటివ్ మార్కులు లేవు. అక్కడ పై వరుస మారిపోతుంది: కొట్టేయగలిగిన ఆప్షన్లు ముందు, అవసరమైతే ఒకటి రెండు బాణాలు, కేసులు రాయడం అసలే వద్దు, తేలకపోతే ఏదో ఒకటి పెట్టి ముందుకెళ్లాలి.

క్యాట్‌లో ఆగాల్సిన చోటు ఇలా చూసుకోండి. మూడు నిమిషాలకి బాణాలు, లోపలి సీట్లు, బయటి సీట్లు అయిపోవాలి. అప్పటికి రెండో మూడో కేసులుగా చీలి, ఒక్కో దాంట్లో ఒకటి రెండు ఖాళీలే మిగిలితే కేసులు రాసేయండి. ఖాళీలు ఎక్కువుంటే పై బొమ్మని ముట్టుకోకుండా ప్రశ్నకో వరుస. అదే బొమ్మ మీద కొట్టేసి మళ్లీ రాస్తే మూడో ప్రశ్నకి వచ్చేసరికి ఏది అసలు షరతో, ఏది రెండో ప్రశ్న కోసం అనుకున్నదో తెలియకుండా పోతుంది. ఐదు నిమిషాలు దాటినా ఒక్క మనిషి కూడా ఖాయం కాకపోతే షరతులు మరోసారి పేపర్లోంచి చదవండి, మీ బాణాల్లోంచి కాదు. ఎక్కడో ఒకటి తిరగబడి ఉంటుంది. అన్నీ సరిగ్గానే ఉంటే ఆ సెట్ వదిలేసి పక్కదానికి వెళ్లండి.