నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్: అప్లై చేయడం తేలికే, డబ్బు ఆగేది ఆ తర్వాతే

ఇంటర్ మార్కుల మీద ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్ కావాలన్నా, ఇంజినీరింగ్ చదివే అమ్మాయిలకు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ కావాలన్నా దరఖాస్తు చేయాల్సింది ఈ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ (ఎన్‌ఎస్‌పీ)లోనే. ఫారం నింపడం వరకు దీనికి మంచి మార్కులే వేయాలి. ఆ తర్వాత కాలేజీలో, బ్యాంకులో ఏం జరుగుతోందో విద్యార్థికి అర్థమయ్యేలా చెప్పడంలో మాత్రం బాగా వెనకబడింది.

మొదటి మెట్టు ఓటీఆర్, అంటే వన్ టైమ్ రిజిస్ట్రేషన్. ఆధార్‌తో ఒకసారి రిజిస్టర్ అయితే 14 అంకెల నంబరు వస్తుంది, ఏటా అదే వాడాలి. ముఖం చూపించి ధ్రువీకరించుకోవడానికి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎన్‌ఎస్‌పీ ఓటీఆర్ యాప్ ఒక్కటే చాలదు, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా ఉండాలి. ఆధార్‌లో చిన్నప్పటి ఫొటోయే ఉంటే ముఖం సరిపోలకపోవచ్చు. అలాంటప్పుడు ముందు ఆధార్ సెంటర్‌లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకోవాలి. చికాకు పెట్టినా ఈ తనిఖీ ఉండాల్సిందే. 2023లో మైనారిటీ వ్యవహారాల శాఖ 1,572 సంస్థల్లో పరిశీలన చేయిస్తే 830 చోట్ల స్కాలర్‌షిప్ అక్రమాలు బయటపడ్డాయి. 144.83 కోట్ల రూపాయల నష్టం లెక్కతేలి కేసు సీబీఐకి వెళ్లింది. అదంతా పేద పిల్లల చదువు డబ్బు.

నెట్ సెంటర్‌లో అప్లై చేయిస్తే వాళ్ల ఫోన్ నంబరు, వాళ్ల మెయిల్ ఇవ్వనీయకండి. ఓటీపీ చెప్పి లేచి రాకండి. దరఖాస్తుకు ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు.

ఫైనల్ సబ్మిట్ అయ్యాక ప్రింటు, సర్టిఫికెట్లు కాలేజీ నోడల్ అధికారికి (అక్కడ స్కాలర్‌షిప్ పని చూసే వ్యక్తికి) ఇవ్వాలి. ఆయన వెరిఫై చేస్తేనే ఫైలు పైస్థాయికి కదులుతుంది. స్టేటస్‌లో ‘డిఫెక్టివ్’ అని కనిపిస్తే తిరస్కరించారని కాదు, దిద్ది మళ్లీ పంపమని. గడువు దాటితే మాత్రం ఆ ఏడాదికి ఆశ వదులుకోవాల్సిందే. అందుకే వారానికోసారి స్టేటస్ చూడాలి.

ఇక బ్యాంకు. ఖాతాకు ఆధార్ లింకు ఉంటే చాలనుకోవడమే పెద్ద పొరపాటు. స్కాలర్‌షిప్ పడేది ఎన్‌పీసీఐ మ్యాపింగ్‌లో (ఏ ఆధార్‌కు ఏ బ్యాంకులో డబ్బు వేయాలో చెప్పే జాబితాలో) మీ ఆధార్‌కు ఎదురుగా ఉన్న బ్యాంకులో, అక్కడ ఉండేది ఒక్క బ్యాంకే. కొత్త ఖాతా తెరిచేటప్పుడు డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడే పద్ధతి) గడిలో టిక్ పెడితే మ్యాపింగ్ అటు మారిపోతుంది, డబ్బు పాత ఖాతాకు రాదు. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నిమిషంలో తెలుస్తుంది. అక్కడ ‘యాక్టివ్’ అని ఉండాలి, మీరు అనుకున్న బ్యాంకు పేరే ఉండాలి. పూర్తి కేవైసీ లేని స్మాల్ అకౌంట్ అయితే ఇంకో చిక్కుంది. అందులోంచి నెలకు 10,000 మించి తీయడం కుదరదు. ప్రగతి కింద వచ్చేది ఏడాదికి 50,000, అదంతా ఒకేసారి తీసుకోలేరు. ముందే బ్యాంకుకు వెళ్లి కేవైసీ పూర్తి చేయించండి.

మన విద్యార్థులు ముఖ్యంగా చూసుకోవాల్సింది మరొకటి ఉంది. ఇంటర్ మార్కుల స్కాలర్‌షిప్ డిగ్రీ స్థాయిలో ఏడాదికి 12,000. రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లు దీనికి అర్హులు కారు. బీటెక్ చదువుతూ రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటే అదే ఎంచుకోవడం మేలు, సాధారణంగా వచ్చే మొత్తం అందులోనే ఎక్కువ. ఇంత ముఖ్యమైన నిబంధనను పోర్టల్ గైడ్‌లైన్స్ పీడీఎఫ్‌లో పెట్టి ఊరుకుంది. అప్లై బటన్ పక్కనే రాయాల్సిన మాట అది.

రెన్యువల్ దానంతటది జరగదు. ఏటా దరఖాస్తు చేయాలి, ఇంటర్ మార్కుల స్కాలర్‌షిప్‌కైతే 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. అన్ని దశలూ దాటినా డబ్బు రాకపోతే ప్రభుత్వ చెల్లింపుల వివరాలు ఉండే పీఎఫ్ఎంఎస్ సైట్‌లో పేమెంట్ స్టేటస్ చూసి, అక్కడి వివరాలు ప్రింటు తీసుకుని బ్యాంకుకు వెళ్లండి.