జెఫ్ బెక్ ‘బ్లో బై బ్లో’: గొంతు లేని పాటలు

బ్రిటిష్ రాక్ బృందం యార్డ్‌బర్డ్స్‌లో ఎరిక్ క్లాప్టన్ ఖాళీ చేసిన చోట 1965లో చేరిన గిటారిస్ట్ జెఫ్ బెక్, పదేళ్ల తర్వాత గాయకుణ్ణే పక్కనపెట్టి చేసిన ఆల్బమ్ ఇది. నిర్మాత బీటిల్స్‌తో పనిచేసిన జార్జ్ మార్టిన్. తొమ్మిది ట్రాకులు. 1975లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 4వ స్థానం దాకా వెళ్లింది. మాటల్లేని సంగీతానికి అదేమంత చిన్న విషయం కాదు.

కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి ‘కాజ్ వీవ్ ఎండెడ్ యాజ్ లవర్స్’ ఒక్కటి చాలు. ఎల్‌పీలో రెండో వైపు మొదటి ట్రాక్. బాణీ స్టీవీ వండర్‌ది. మొదట్లో స్వరాలు మీటిన చప్పుడే లేకుండా, వయొలిన్ కమానుతో తీసినట్టు ఉబ్బుతూ వస్తాయి. కిటుకంతా వాల్యూమ్ నాబ్‌లో ఉంది. దాన్ని సున్నాలో ఉంచి తీగ మీటాలి, మరుక్షణం చిటికెన వేలితో తిప్పాలి. ముందే తిప్పితే ‘టక్’మంటుంది, ఆలస్యమైతే స్వరం సగం చచ్చాక వినిపిస్తుంది. కవర్ మీది లెస్ పాల్ (గిబ్సన్ కంపెనీ గిటార్) చూసి మోసపోకండి: ఈ ట్రాక్‌లో మోగింది గిబ్సన్ పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) బిగించి, గిటార్ పనివాడు సేమూర్ డంకన్ తయారుచేసిచ్చిన ఫెండర్ కంపెనీ టెలీకాస్టర్.

‘షీజ్ ఎ ఉమన్’లో టాక్ బాక్స్ వాడాడు. గిటార్ ధ్వని గొట్టంలోంచి నోట్లోకి వచ్చి, పెదవుల కదలికకు మాటలా మారి మైక్‌లో పడుతుంది. సరదాగానే ఉంటుంది, మూడోసారికి మొహం మొత్తుతుంది. ‘స్కాటర్‌బ్రెయిన్’ 9/8 నడకలో (ఒక్కో ఆవర్తానికి తొమ్మిది చిన్న దెబ్బలు) పరుగే పరుగు. చివరి ‘డైమండ్ డస్ట్’లో మాత్రం మార్టిన్ పేర్చిన వయొలిన్లు గిటార్‌ను కాస్త మింగేశాయి.