సొంత పాటలు దాచుకోవడానికి ఏ క్లౌడ్ మేలు?

4 నిమిషాల పాట 320 కేబీపీఎస్ (మంచి నాణ్యత) ఎంపీ3లో సుమారు 9.6 ఎంబీ. గూగుల్ డ్రైవ్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో అలాంటివి 1,500 దాకా పడతాయి. కానీ ఆ చోటే జీమెయిల్‌కీ, ఫొటోలకీ కూడా. పైగా డ్రైవ్ గోదాము మాత్రమే; ఆల్బమ్, గాయకుల వారీగా పాటలు చూపించదు.

వినడానికైతే యూట్యూబ్ మ్యూజిక్ అప్‌లోడ్ మా మొదటి ఓటు. లక్ష పాటల వరకూ ఉచితం, సొంత పాటలకు ప్రకటనలుండవు. ఎంపీ3యే కాదు, ఫ్లాక్, ఎం4ఏ, ఓజీజీ రకం ఆడియో ఫైళ్లు కూడా తీసుకుంటుంది. అయితే ఫోన్ యాప్ నుంచి ఎక్కించలేం, కంప్యూటర్ బ్రౌజర్ తెరవాల్సిందే.

ఎక్కించే ముందు ట్యాగులు, అంటే ఫైలు లోపల ఉండే పాట, ఆల్బమ్, గాయకుల వివరాలు సరిచేయండి. మన సినిమా ఆల్బమ్‌లో పాటకో గాయకుడు కదా, 'ఆల్బమ్ ఆర్టిస్ట్' ఖాళీగా ఉంటే ఒక్క సినిమా ఐదారు ముక్కలై కనబడుతుంది. ట్యాగులు మార్చే ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాంలో ఆ సినిమా పాటలన్నీ ఎంచుకుని, అక్కడ సంగీత దర్శకుడి పేరు పెట్టి సేవ్ చేస్తే చాలు. పాట పేరుకు తగిలించిన వెబ్‌సైట్ తోకల్నీ అప్పుడే కత్తిరించేయండి.

ఐఫోన్ వాళ్లకు ఐట్యూన్స్ మ్యాచ్ అనే ఆపిల్ సేవ ఉంది. ఏటా చందా కట్టాలి, పరిమితి ఇక్కడా లక్షే. 200 ఎంబీ దాటిన ఫైలు మాత్రం ఎక్కదు, కాబట్టి గంటల కచేరీ రికార్డింగులున్నవాళ్లు వాటిని ముక్కలు చేసుకోవాలి. పీక్లౌడ్ అనే మరో క్లౌడ్ సేవలో పాటలు వినిపించే ప్లేయర్ లోపలే ఉంది. ఒకేసారి డబ్బు కట్టే ప్లానూ ఉంది.

ఏది వాడినా అసలు ఫైళ్లు హార్డ్ డిస్కులో ఉంచండి. ఏ సేవైనా ఆగిపోవచ్చు: ఇలాగే పాటలు దాచుకోనిచ్చిన గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది.