విమానం కిట్‌కి పీల్ ప్లై: చాలాకాలం వాడాక నా మాట

కిట్ తెచ్చుకుని గ్యారేజీలో సొంతంగా విమానం కట్టుకునే పనిలో రివెట్లు కొట్టడం నాకు ఎప్పుడూ విసుగనిపించలేదు. ఫైబర్‌గ్లాస్ దగ్గరికొచ్చేసరికే ప్రాణం ఉసూరుమనేది. రెక్కల చివర్లు, కౌలింగ్ (ఇంజన్ మీది కవరు), చక్రాల కవర్లు, ఏది పట్టుకున్నా పూయడం, అరగదీయడం, మళ్ళీ పూయడం, రాత్రంతా మోచేతులు గోక్కోవడం. ఆ పనిలో నాకు నిజంగా ముచ్చటేసిన వస్తువు ఒకే ఒక్కటి, పీల్ ప్లై. చూడ్డానికి జాకెట్టు లైనింగ్ గుడ్డలా ఉంటుంది. తడి ఎపాక్సీ (ఫైబర్‌గ్లాస్ గుడ్డను గట్టిపరిచే జిగురు) మీద పరిచి, బ్రష్‌తో అదిమి, గట్టిపడ్డాక పీకేయడమే.

దాని విలువ తెలిసింది విండ్‌స్క్రీన్ దగ్గర. విండ్‌స్క్రీన్ అక్రిలిక్ అద్దానికీ ముందున్న రేకుకీ మధ్య గ్లాస్ గుడ్డ పట్టీలు ఒకదానిమీద ఒకటి వేసి నున్నటి వంపు తేవాలి. అన్నీ ఒకే ఊపులో, తడిమీద తడిగా వేస్తే ఏ గొడవా లేదు. కానీ డాలస్ ఎండాకాలంలో, గ్యారేజీలో, ఎపాక్సీని మెల్లగా గట్టిపరిచే స్లో హార్డెనర్ వేసినా కప్పులో ఎపాక్సీ చూస్తుండగానే వేడెక్కిపోతుంది, పైగా సోమవారం ఆఫీసు, అంచేత సగంలో ఆపక తప్పదు. ఆపితే పైకి మైనంలాంటి పొర తేలొచ్చు, అదే అమీన్ బ్లష్. దాన్ని నీళ్ళతో కడిగి, గరుకు చేసి అప్పుడు తర్వాతి పట్టీ వెయ్యాలి. పక్కనే అక్రిలిక్! శాండ్‌పేపర్, అద్దానికి అంటించిన టేపు దాటి ఒక్కసారి జారితే పైలట్ కళ్ళముందు గీత పడ్డట్టే. ఆపిన ప్రతిచోటా పీల్ ప్లై కప్పి వదిలేశాను. ఆఫీసులో పని మీదపడి వారాలు గడిచాయి. తిరిగొచ్చి అంచు పట్టుకు లాగితే చర్రుమని ఊడొచ్చింది. కింద సన్నటి నేత గుర్తుతో, మెరుపు లేకుండా, శుభ్రమైన గరుకు. బ్లష్ గుడ్డతోపాటే పోయింది. ఆ సాయంత్రమే తర్వాతి పట్టీ వేసేశాను.

బరువు మోసే అతుకులకైతే పీకాక కూడా కాస్త రుద్దమంటారు, నేనూ రుద్దుతాను. కాబట్టి శాండ్‌పేపర్ అక్కర్లేదని కాదు, ఫెయిరింగుల్లో (గాలి సాఫీగా జారడానికి పెట్టే కవర్లలో) తగ్గుతుంది, అంతే. రెండువైపులా వంగిన చోట గుడ్డ ముడతలు పడుతుంది, సన్నగా కత్తిరించి వేసుకోవాలి. కౌలింగ్ మీద పిన్‌హోళ్ళకు, అంటే సూదిమొనంత రంధ్రాలకు, ఇది ఏ సాయమూ చెయ్యదు, వాటికి పలచటి ఎపాక్సీ స్క్వీజీతో లాగడమే గతి. తడిస్తే గుడ్డ కనబడకుండా పోతుంది కూడా, అందుకే రంగు దారాలున్నదే కొనండి, లేకపోతే తర్వాతి పొర కింద ఉండిపోతుంది.

ఇక నా కోపం. ఒక దుకాణం నుంచి రెండో రోల్ తెప్పిస్తే అది రిలీజ్ కోటింగ్ (తేలిగ్గా ఊడేందుకు వేసే జారుడు పూత, కొంత కిందే అంటుకుపోవచ్చు) ఉన్నదట, పేజీలో ఆ ముక్కే లేదు. వెన్నలా ఊడొస్తుంటే సంబరపడ్డాను. రంగుకు ముందు వేసే ప్రైమర్ కొట్టగానే అది అక్కడక్కడా పక్కకు జరిగి గుంటలు పడింది. మొత్తం గీకి మళ్ళీ మొదలు. ఇప్పుడు పీకిన చోట నీళ్ళు చల్లి చూస్తాను, పొరలా పరుచుకుంటే సరే, పూసల్లా నిలిస్తే ఆ రోల్ పక్కకు.

రోజూ గ్యారేజీలో కూర్చోగలిగి, పొరలన్నీ ఒకేసారి వేసుకునేవాళ్ళకు ఇది అంత ముఖ్యం కాకపోవచ్చు. నాకు దొరికేవి శని ఆదివారాలే, అవీ పిల్లల క్లాసులు పోగా, అందుకే కోటింగ్ లేని రోల్ ఒకటి ఎప్పుడూ అరలో ఉంచుకుంటాను.