రెండంచెల రాకెట్ కప్లర్: అనంతపురంలో చేయించిన లేత్ పని

మా విద్యార్థులు తయారుచేస్తున్న రెండంచెల హైపవర్ మోడల్ రాకెట్‌కు, పై అంచెనూ కింది అంచెనూ కలిపే అల్యూమినియం కప్లర్‌ను అనంతపురంలోని ఒక చిన్న లేత్ షాపులో చేయించాము. ముడిసరుకుతో కలిపి 2,200 రూపాయలు తీసుకున్నారు.

ఈ రాకెట్‌లో అంచెలను విడదీయడానికి పేలుడు మందు వాడటం లేదు. గాలి నిరోధమే ఆ పని చేయాలి. కింది మోటారు మండుతున్నంతసేపూ కింది అంచె పై అంచెను నెడుతూనే ఉంటుంది కనుక అతుకు వీడదు. మోటారు ఆరిపోగానే, ఇంధనం ఖాళీ అయి తేలికపడిన, పెద్ద రెక్కలున్న కింది అంచె త్వరగా వేగం కోల్పోతుంది. బరువైన పై అంచె ముందుకు సాగిపోతుంది. కప్లర్ బిగుసుకుపోతే ఇదేదీ జరగదు, ఆ స్థితిలో పై మోటారు అంటుకుంటే మంట కప్లర్ లోపలే చిక్కుకుంటుంది.

అందుకే 75 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న ఫైబర్‌గ్లాస్ గొట్టానికి 74.8 మిల్లీమీటర్ల కప్లర్ అడిగాము. “అంత లూజు పెడితే ఆడ్తాది కదా సార్” అన్నారు మేస్త్రీ. ఆ అభ్యంతరం సబబైనదే. అయితే ఊగిసలాటను ఆపవలసింది బిగువు కాదు, పొడవు: కప్లర్ కనీసం తన వ్యాసమంత లోతు గొట్టంలోకి దిగాలి. 80 మిల్లీమీటర్లు దిగేలా గీసి చూపగానే ఆయన ఒప్పుకున్నారు.

మొదటి ముక్క గొట్టంలో సగం దిగి ఆగిపోయింది. వెర్నియర్‌తో ఎక్కడ కొలిచినా 74.8 చూపుతోంది. చివరికి మార్కర్ సిరా పూసి దించి చూస్తే, సమాన దూరాల్లో మూడు చోట్ల సిరా చెరిగి లోహం మెరిసింది. బరువు తగ్గాలని గోడను 2 మిల్లీమీటర్లే ఉంచమన్నాము. ఆ పలుచని గోడను, లేత్‌లో ముక్కను పట్టి తిప్పే మూడు దవడల చక్ లోపలి నుంచి నెట్టిపట్టడంతో, వదిలాక గుండ్రదనం పోయింది. ప్రతి ఉబ్బుకూ ఎదురుగా ఒక నొక్కు ఉండటం వల్ల వెర్నియర్ ఆ దోషాన్ని పట్టుకోలేకపోయింది.

మేస్త్రీ వాదించలేదు. లోపల చుట్టూ ఆనుకునే దిమ్మెను ముందు తయారుచేసుకుని, దానిమీద కొత్త ముక్కను ఎక్కించి బయటి వైపు చెక్కారు. అదనంగా ఒక్క రూపాయి కూడా అడగలేదు. ఆ పనితనం నిజంగా మెచ్చదగినది. పై గొట్టాన్ని నిలువుగా పట్టుకుంటే కింది అంచె తన బరువుకే మెల్లగా జారి బయటికి వచ్చింది. ఎండలో గంటసేపు ఉంచి చూసినా అలాగే జారింది. 25 డిగ్రీల వేడి పెరిగితే ఈ వ్యాసంలో అల్యూమినియం వ్యాకోచించేది 0.04 మిల్లీమీటర్లే. ఇది నేలమీద చేసిన పరీక్ష మాత్రమే. రాకెట్‌ను ఇంకా ఎగరవేయలేదు.

నాలుగు రోజులన్న పనికి పదకొండు రోజులు పట్టింది. అంచుల బరుకు కూడా తీయలేదు, గరుకు కాగితంతో మేమే రుద్దుకున్నాము. ఇలాంటి పని ఇచ్చేవారు గొట్టంలోకి దూరే అంచుకు ఒక మిల్లీమీటరు వాలు కొట్టమని, కప్లర్ తీసుకెళ్ళేటప్పుడు గొట్టాన్ని కూడా వెంట తీసుకొచ్చి అక్కడే దించి చూస్తామని ముందే చెప్పుకోవాలి.