పూర్తి బీఎంఎస్సా, విడివిడి కంట్రోళ్లా? విశాఖ భవనాలకు ఏది మేలు?

ఏసీలు, ఫ్యాన్లు, పంపులన్నిటినీ ఒకే కంప్యూటర్ నుంచి చూసి నడిపేది బీఎంఎస్ (బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్). ఒక్కో యంత్రానికి దాని కంట్రోలు దానికే ఉంటే అవి విడి కంట్రోళ్లు. సిరిపురంలో నాలుగంతస్తుల ఆఫీసుకూ, రుషికొండ మీద రెండు చిల్లర్లు (నీటిని చల్లబరిచి భవనమంతా పంపే ఏసీ యంత్రాలు) తిరిగే ఐటీ భవనానికీ ఒకే కొటేషన్ పనికిరాదు. అయినా చాలామంది యజమానులు ముందు అడిగేది "స్క్రీన్ మీద అన్నీ కనిపిస్తాయా?" అనే. అసలు అడగాల్సింది ఏసీ రకం ఏమిటి, గాలిలో తేమను ఎవరు చూసుకుంటారు, రాత్రి షిఫ్టులో ఆపరేటర్ ఉంటాడా అని.

వీఆర్ఎఫ్ ఏసీలున్న (ఒక బయటి యూనిట్‌కు చాలా లోపలి యూనిట్లు కట్టిన) భవనాల సంగతి త్వరగా తేలిపోతుంది. ఆ యంత్రాలతో వచ్చే సెంట్రల్ కంట్రోలర్‌లోనే టైమ్ షెడ్యూలు, సెట్ పాయింట్ (ఉంచాల్సిన ఉష్ణోగ్రత) లాకు ఉంటాయి. దానికి ఎనర్జీ మీటర్లు, టాయిలెట్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లకూ సైన్‌బోర్డు లైట్లకూ టైమర్లు కలిపితే చాలు. పైన మరో బీఎంఎస్ కట్టినా అది అదే సమాచారాన్ని గేట్‌వే ద్వారా తెచ్చి మళ్లీ చూపిస్తుంది, అంతే.

చిల్లర్ ఉంటేనే అసలు చర్చ.

విడి కంట్రోళ్ల బలం వీఎఫ్‌డీలో, అంటే మోటారు వేగాన్ని పెంచి తగ్గించే పరికరంలో ఉంది. ఫ్యాను గానీ పంపు గానీ 80 శాతం వేగంతో తిరిగితే, అది తీసుకునే కరెంటు లెక్క ప్రకారం దాదాపు సగానికి దిగుతుంది. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. చల్లనీటి లైన్లో దూరపు కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) దగ్గర ఒక డిఫరెన్షియల్ ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ (ఒత్తిడి తేడా కొలిచేది) పెట్టి దాని సిగ్నల్‌ను వీఎఫ్‌డీకే ఇస్తే, అందులోని పీఐడీ (తనంతట తానే సర్దుకునే లాజిక్) వేగం చూసుకుంటుంది. ట్రాన్స్‌మిటర్‌ను పంపు పక్కనే పెడితే పైపులో తగ్గిన ఒత్తిడి దానికి తెలియదు, అందుకే వేగం పెద్దగా దిగదు. కాయిళ్ల దగ్గర పాత త్రీ-వే వాల్వులు ఉంటే మాత్రం వీఎఫ్‌డీ ఖర్చు వృథా. వాడని నీరు బైపాస్‌లో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి పంపుకు తగ్గే పని ఉండదు. ముందు వాటి స్థానంలో టూ-వే వాల్వులు పెట్టాలి.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. ఎవరో ఒక రోజు ప్యానెల్ మీద స్విచ్‌ను 'ఆటో' నుంచి 'హ్యాండ్'కు తిప్పుతారు. ఫ్యాను 50 హెర్ట్జ్‌లో, అంటే పూర్తి వేగంతో నెలలు తిరుగుతుంది, బిల్లు పెరిగినా కారణం ఎవరికీ తట్టదు. పూర్తి బీఎంఎస్‌లో ఆటో-హ్యాండ్ స్థితి కూడా ఒక పాయింటుగా (సిస్టమ్‌కు చేరే సిగ్నల్‌గా) రావాలి. కొటేషన్లలో తరచూ దాన్నే కత్తిరిస్తారు, ఒప్పుకోకండి. ఒక ఏహెచ్‌యూకు (గాలిని చల్లబరిచి గదుల్లోకి పంపే యంత్రానికి) 10 నుంచి 12 పాయింట్లు మామూలే: సప్లై, రిటర్న్ ఉష్ణోగ్రతలు, రిటర్న్ తేమ, ఫిల్టర్ మూసుకుపోయిందని చెప్పే డీపీ స్విచ్, ఫ్యాన్ స్టార్ట్-స్టాప్, రన్, ట్రిప్, ఆటో-హ్యాండ్, వేగం ఆదేశం, వేగం జవాబు, వాల్వు, ఫైర్ సిగ్నల్.

విశాఖలో బీఎంఎస్ డబ్బు తిరిగిచ్చేది తేమ దగ్గరే. ఉష్ణోగ్రత ఒక్కదాన్నే చూసే థర్మోస్టాట్ ఇక్కడ సగం గుడ్డిది. 24 డిగ్రీల గదిలో తేమ 55 శాతం ఉంటే గాలిలోని ఆవిరి 14 డిగ్రీల దగ్గర నీరవుతుంది. తేమ 70 శాతానికి ఎక్కితే 18 డిగ్రీలకే నీరవుతుంది. అప్పుడు 14 డిగ్రీల గాలి వదిలే గ్రిల్లు చుట్టూ చుక్కలు పడతాయి, ఫాల్స్ సీలింగ్ మీద నల్లమచ్చలు లేస్తాయి. కరెంటు ఆదా కోసం చిల్లర్ నీటిని 7 నుంచి 10 డిగ్రీలకు పెంచడం మంచి ఉపాయమే. కానీ రిటర్న్ తేమ 60 శాతం దాటగానే మళ్లీ 7కు తెచ్చే షరతు లాజిక్‌లో ఉండాలి. విడి థర్మోస్టాట్లు చిల్లర్‌తో ఇలా మాట్లాడలేవు.

పొద్దున స్టార్టప్‌దీ అదే కథ. మనుషులు రాకముందు అరగంట ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ మూసి లోపలి గాలినే చల్లబరచాలి. ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ చూసి 800 నుంచి 1000 పీపీఎం మధ్య ఉండేలా తెరవాలి. ఫ్రెష్ ఎయిర్ మరీ తగ్గిస్తే టాయిలెట్ ఎగ్జాస్ట్ లాగేసే గాలికి బదులుగా తలుపు సందుల్లోంచి సముద్రపు గాలి దూరుతుంది. బయటి గాలి చల్లగా ఉందని ఉష్ణోగ్రత ఒక్కటే చూసి డ్యాంపర్ పూర్తిగా తెరిచే ఎకానమైజర్ లాజిక్‌ను ఇక్కడ ఆపేయడమే మేలు.

వైర్‌లెస్ సెన్సర్లు మూడో దారి. 865–867 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే లోరా (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో) సెన్సర్లు ద్వారకానగర్ లాంటి చోట పాత భవనాలకు బాగుంటాయి. గోడలు పగలగొట్టనక్కర్లేదు. వాటిని కొలతలకే వాడండి, వాల్వు తిప్పే పని అప్పగించకండి. బ్యాటరీ మార్పు తేదీల రిజిస్టరు కూడా పెట్టుకోండి.

మా తీర్పు ఇది: ఐదారు ఏహెచ్‌యూల లోపు ఉంటే విడి కంట్రోళ్లు, మీటర్లు. అంతకు మించి, ముఖ్యంగా ఆసుపత్రి, హోటలు అయితే పూర్తి బీఎంఎస్. అనుసంధానిత లోడు 100 కిలోవాట్లు, ఆపైన ఉన్న కొత్త వాణిజ్య భవనం ఇంధన పొదుపు భవన నియమావళి పరిధిలోకి వస్తుంది కనుక డిజైన్ దశలోనే ఈ నిర్ణయం జరగాలి.

బీఎంఎస్ తీసుకుంటే వైరింగ్ దగ్గర జాగ్రత్త. ఆర్ఎస్-485 లైను (కంట్రోలర్ల మధ్య సమాచారం మోసే కేబుల్) ఒక కంట్రోలర్ నుంచి మరోదానికి గొలుసులా సాగాలి, నక్షత్రంలా చీలకూడదు. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్, షీల్డుకు ఒకే చివర ఎర్తింగ్. వీఎఫ్‌డీ నుంచి మోటారుకు వెళ్లే కేబుల్‌తో ఒకే ట్రేలో వేస్తే రీడింగులు అప్పుడప్పుడూ మాయమవుతాయి, తప్పు కంట్రోలర్‌దని అది మారుస్తూ పోతారు. బీచ్ రోడ్డు వైపు టెర్రస్ ప్యానెళ్లు ఎస్ఎస్ 316 (ఉప్పుగాలిని తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలు), బోర్డులకు కన్ఫార్మల్ కోటింగ్ (తేమ సోకకుండా పూత) కోరండి. మామూలు పౌడర్ కోటింగ్ గీత పడిన చోట ఉప్పుగాలి తుప్పు మొదలుపెడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూపించిన పాఠం ప్రకారం సర్వర్‌ను సెల్లార్లోనూ టెర్రస్ మీదా కాక మధ్య అంతస్తులో, యూపీఎస్ మీద పెట్టాలి. కరెంటు వచ్చాక యంత్రాలు ఒకదాని తర్వాత ఒకటి, కనీసం 30 సెకన్ల తేడాతో లేవాలి. లేకపోతే జనరేటరే ట్రిప్ అవుతుంది.

చివరి బిల్లు చెల్లించే ముందు మూడు చేతికి రావాలి: అడ్మిన్ పాస్‌వర్డు, ప్రోగ్రాం బ్యాకప్, బ్యాక్‌నెట్ లేదా మోడ్‌బస్ (యంత్రాలు మాట్లాడుకునే భాషలు) అడ్రసులతో పాయింట్ల పట్టిక. ప్రతి సెన్సర్ పక్కనా చేతి మీటరు పెట్టి స్క్రీన్ అంకెతో పోల్చండి. ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీ, తేమలో 5 శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే సరిచేసేదాకా సంతకం పెట్టకండి.