ఎడిన్‌బరో నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా: మా అమ్మాయి కాలేజీ వేట

న్యూజెర్సీలో మా చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పిల్లలు పదకొండో తరగతికి వచ్చారంటే వేసవిలో కాలేజీ టూర్లు మామూలే. కారేసుకుని బోస్టన్ వైపో నార్త్ కరొలైనా వైపో వెళ్లొస్తారు. మా అమ్మాయి మాత్రం ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదువుతాను, అదీ బ్రిటన్‌లోనే చదువుతాను అని పట్టుబట్టింది. ఇక్కడి ప్రైవేటు యూనివర్సిటీలు ఫీజు, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి 80, 90 వేల డాలర్లు అడుగుతున్నాయి కదా, ఓసారి చూసి రావడంలో తప్పేముంది అన్నారు మా ఆయన. జూన్ చివర్లో ముగ్గురం బయల్దేరాం. ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఊళ్లు, బసలు, ఖర్చులు మాకెలా అనిపించాయో రాస్తున్నాను.

న్యూవార్క్ నుంచి స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోకు నేరుగా విమానం ఉంది. అక్కడ దిగి, రైల్లో కిందికి వచ్చుకుంటూ, చివర హీత్రూలో ఎక్కడం మంచిది. లండన్‌లో దిగి పైకెళ్లి మళ్లీ కిందికి రావడం డబ్బు దండగ. అమెరికన్ పాస్‌పోర్టు ఉన్నా 2025 జనవరి నుంచి ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాల్సిందే. మాకు మనిషికి 16 పౌండ్లు పడింది. ఫోన్‌లోనే పని అయిపోతుంది. రైలు టికెట్లు మాత్రం ముందే అడ్వాన్స్ ఫేర్‌లో కొనుక్కోండి. అప్పటికప్పుడు స్టేషన్లో కొంటే గుండె గుభేలుమంటుంది.

ఎడిన్‌బరోలో హోటల్ కాకుండా యూనివర్సిటీ వాళ్ల పొలాక్ హాల్స్‌లో దిగాం. సెలవుల్లో ఆ హాస్టల్ గదులు బయటివాళ్లకు అద్దెకిస్తారు. ఆర్థర్స్ సీట్ కొండ సరిగ్గా కిటికీ ఎదురుగా ఉంది. గది చిన్నదే, ఏసీ లేదు, రాత్రి పదైనా వెలుతురు పోదు. అయినా నా ఓటు దీనికే. రేపు పిల్ల ఉండబోయే మంచం, బల్ల, బాత్రూమ్ ఎలా ఉంటాయో బ్రోషర్ బొమ్మలు చూసి ఊహించుకోనక్కర్లేదు. ఆగస్టులో మాత్రం ఆ ఊరి జోలికి పోకండి. ఫ్రింజ్ అనే కళల పండగ రోజుల్లో రేట్లు ఆకాశంలో ఉంటాయి.

క్యాంపస్ చూపించిన కుర్రాడు మమ్మల్ని ఎవరి వంట వాళ్లు చేసుకునే ఒక ఫ్లాట్‌లోకి తీసుకెళ్లాడు. ఫ్రిజ్‌లో అరకొకరు, అల్మారాలకు పేర్ల చీటీలు, దానంతటదే దభాలున మూసుకునే బరువైన తలుపు. టోస్ట్ మాడినా ఫైర్ అలారం మోగుతుందని, అర్ధరాత్రి పైజమాల్లోనే అందరూ వీధిలోకి రావాల్సి ఉంటుందని నవ్వుతూ చెప్పాడు. టోస్ట్‌కే అంత గోల అయితే ఎండుమిరపకాయల పోపు సంగతేమిటి? మా అమ్మాయికి వండటం రాదు గనక ఆ భవనానికి వచ్చిన ప్రమాదమేమీ లేదు. కానీ ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయం. అమెరికాలోలాగా మీల్ ప్లాన్ తప్పనిసరి కాదు. భోజనంతో ఉండే హాస్టళ్లు కొన్నే, వాటికి అద్దె ఎక్కువ.

1583లో మొదలైన ఈ యూనివర్సిటీకి చుట్టూ గోడ లేదు, ఊరే క్యాంపస్. జార్జ్ స్క్వేర్‌లో క్లాసు, పక్కనే మెడోస్ మైదానం, పది నిమిషాలు నడిస్తే కోట కింది పాతబస్తీ. బస్సుల్లో కార్డు తాకిస్తే చాలు. పెద్ద ఊరి సందడి, నడిచి తిరగగలిగే విస్తీర్ణం రెండూ ఉన్నది మాకు ఇక్కడే కనిపించింది.

చదువు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అసలు తేడా అంతా అందులోనే ఉంది. ఇంగ్లండ్‌లో డిగ్రీ మూడేళ్లు. దరఖాస్తు చేసేది యూనివర్సిటీకి కాదు, ఒక కోర్సుకు. ఎకనామిక్స్‌లో చేరి మనసు మారి సైకాలజీకి వెళ్తానంటే చాలాచోట్ల మళ్లీ మొదటికొచ్చినట్టే. స్కాట్లాండ్‌లో నాలుగేళ్లు. మొదటి రెండేళ్లు వేరే సబ్జెక్టులు కూడా చదవనిస్తారు, ఆ తర్వాత ఎటు అన్నది తేల్చుకోవచ్చు. మూడేళ్లకే డిగ్రీ వస్తుంది, ఒక ఏడాది ఫీజు మిగులుతుంది అని మనవాళ్లు ఇంగ్లండ్ వైపు మొగ్గుతారు. పదిహేడేళ్లకే తనకేం కావాలో తెలిసిన పిల్ల అయితే సరే. మా అమ్మాయి నెల కిందటి దాకా న్యూరోసైన్స్ అంది. అందుకే నా మనసు మొదటి నుంచీ స్కాట్లాండ్ మీదే ఉంది.

తర్వాతి యూనివర్సిటీ, స్కాట్లాండ్‌లోనే ఉన్న సెయింట్ ఆండ్రూస్. ఆ ఊరికి రైలు లేదు. ఎడిన్‌బరో నుంచి గంట ప్రయాణం చేసి లూకర్స్‌లో దిగి 99 నంబరు బస్సెక్కాలి. దారిలో 1890లో కట్టిన ఫోర్త్ వంతెన వస్తుంది, అప్పుడు ఫోన్ చూస్తూ కూర్చోకండి. గోల్ఫ్ ఆడేవాళ్ల దెబ్బకు వేసవిలో ఊళ్లో గదుల రేట్లు మండిపోతుంటాయి. మేం దగ్గర్లోని డండీ అనే ఊళ్లో బస చేసి అదే 99 బస్సులో తిరిగాం. డండీలో స్టేషన్ ఎదురుగానే వీ అండ్ ఏ మ్యూజియం, కింద టే నది. ఖర్చు బాగా తగ్గింది, పోగొట్టుకున్నదీ ఏమీ లేదు.

ఊరంటే మూడు పెద్ద వీధులు, ఒక సముద్రం. నార్త్ స్ట్రీట్‌లో సెయింట్ సాల్వేటర్స్ చాపెల్ ముందు రాళ్లలో పీ, హెచ్ అనే అక్షరాలు పొదిగి ఉంటాయి. 1528లో పాట్రిక్ హామిల్టన్ అనే యువకుణ్ణి మతద్రోహి అని తగలబెట్టిన చోటు అది. దాన్ని తొక్కిన విద్యార్థి డిగ్రీ తప్పుతాడని నమ్మకం. విరుగుడుగా మే 1న తెల్లవారుజామున ఉత్తర సముద్రంలో మునగాలట. కబుర్లలో పడి మా అమ్మాయి కాలు అటు వేయబోతుంటే, టూర్ తిప్పుతున్న అమ్మాయి టక్కున మోచెయ్యి పట్టి లాగింది. ఇంకా అప్లికేషనే పెట్టలేదు కదమ్మా అన్నాను. రిస్కెందుకాంటీ అన్నట్టు చూసింది. పాప భయం, పుణ్యస్నానం రెండూ ఉన్న ఊరు గనక నాకు పరాయిగా అనిపించలేదు.

ఆ టూర్ అమ్మాయిది కనెటికట్. అమెరికన్ పిల్లలు బాగా ఎక్కువగా చేరే బ్రిటిష్ యూనివర్సిటీల్లో ఇదొకటి. వీళ్లు అమెరికన్ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు అయిన కామన్ యాప్ కూడా తీసుకుంటారు, వర్జీనియాలోని విలియం అండ్ మేరీతో కలిసి చెరో రెండేళ్లు చదివే డిగ్రీ కూడా ఇస్తారు. అమెరికాకు దూరంగా వెళ్తానని ఇక్కడికొస్తే పక్క గదిలో మళ్లీ అమెరికా వాళ్లేనా అని మా అమ్మాయి కాస్త నిరాశపడింది. నాకు మాత్రం అదే ధైర్యం. అమ్మ అనిపించుకున్నాక ఇలాగే ఉంటుంది.

ఆ టూర్ పిల్ల దాపరికం లేకుండా రెండు మాటలు చెప్పింది. ఒకటి, మొదటి ఏడాది హాస్టల్ ఇస్తారు గానీ రెండో ఏడాదికి అద్దె ఇల్లు వెతుక్కోవడం యుద్ధమే. రెండు, డిసెంబరులో మూడున్నర దాటితే చీకటి పడుతుంది. మేం చూసిన సెయింట్ ఆండ్రూస్ వెస్ట్ శాండ్స్ బీచ్ మీద రాత్రి తొమ్మిదికి కూడా ఎండ ఉన్న ఊరు. అది చూసి నిర్ణయం తీసుకోకూడదు. కుదిరితే నవంబరులో ఒకసారి వెళ్లండి. సెలవుల్లో వెళ్తే ఇంకో చిక్కు, విద్యార్థులే కనపడరు. టూరిస్టులను చూసి ఊరి వాతావరణం అంచనా వేయాల్సి వస్తుంది.

తర్వాత ఇంగ్లండ్‌లోని డర్హమ్. అక్కడి రైలు స్టేషన్ గుట్ట మీద ఉంది. బండి వంతెన ఎక్కగానే అటువైపు గుట్ట మీద కెథడ్రల్, కోట ఒక్కసారిగా కనిపిస్తాయి. ఆ దృశ్యం బాగుంది. స్టేషన్ నుంచి పెట్టెలతో దిగడం, ఆ గుట్ట ఎక్కడం మాత్రం నా మోకాళ్లకు బాగాలేదు. టాక్సీ మాట్లాడుకోండి. కాలేజీ గదులు దొరకలేదు గనక స్టేషన్‌కి దగ్గర్లో చెయిన్ హోటల్లో ఉన్నాం. శుభ్రమైన గది, గదిలో టీ కాచుకునే కెటిల్. దాని గురించి చెప్పడానికి అంతకంటే ఏమీ లేదు.

ఇక్కడ ప్రతి విద్యార్థీ ఏదో ఒక కాలేజీకి చెందుతాడు. పాఠాలు యూనివర్సిటీలోని డిపార్ట్‌మెంట్లలో, మంచం, భోజనం, ఆటలు, స్నేహాలు కాలేజీలో. 1832లో యూనివర్సిటీ పెట్టాక, బిషప్పులు ఉన్న కోటను విద్యార్థులకు ఇచ్చేశారు. ఆ కోటలోని యూనివర్సిటీ కాలేజీ పిల్లలు ఎత్తైన హాల్లో, గోడల మీది పాత చిత్రపటాల కింద కూర్చుని అన్నం తింటారు. మా అమ్మాయి కళ్లు అక్కడే అతుక్కుపోయాయి. కోరిన కాలేజీయే వస్తుందని గ్యారంటీ లేదు అని పక్కన మా ఆయన గుర్తుచేస్తూనే ఉన్నారు. కాలేజీకో బార్ కూడా ఉంటుంది. అక్కడ 18 నిండితే మద్యం చట్టబద్ధం. కాలేజీ బార్ అంటే పక్కనే తెలిసిన సీనియర్లు ఉంటారు గనక బయటి పబ్బుల కంటే నయం అని టూర్‌లో ఒక ఇంగ్లిష్ తల్లి నాకు నచ్చజెప్పింది. టెన్షన్ పూర్తిగా పోయిందని చెప్పలేను.

లండన్‌లో రసెల్ స్క్వేర్ దగ్గర ఒక హోటల్ తీసుకున్నాం, పేరు రాయను. పై అంతస్తులో గది, లిఫ్ట్ లేదు, ఆ మాట బుకింగ్‌లో ఎక్కడా లేదు. పెట్టెలు మోస్తూ మా ఆయన వాళ్ల పూర్వీకులందర్నీ తలుచుకున్నారు. లండన్‌లో బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందా, ఏసీ ఉందా అని ఫోన్ చేసి అడగండి. ఆ చోటు మాత్రం బంగారం. యూసీఎల్, అంటే యూనివర్సిటీ కాలేజ్ లండన్, నడక దూరం. 1826లో పెట్టిన ఆ కాలేజీ స్టూడెంట్ సెంటర్‌లో అద్దాల పెట్టెలో జెరెమీ బెంథామ్ అనే తత్వవేత్త అస్థిపంజరం, ఆయన బట్టలే తొడుక్కుని, మైనం తలతో కూర్చుని ఉంది. పిల్లలు దాని ముందే కాఫీ తాగుతున్నారు. పక్కన టావిస్టాక్ స్క్వేర్‌లో గాంధీగారి విగ్రహం. యూస్టన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్‌లో దోసె, భేల్‌పురి దొరుకుతాయి. వారం పైగా శాండ్‌విచ్‌లు తిన్న నోటికి అక్కడి సాంబారు ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

ఎల్ఎస్ఈ, అంటే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, మా ఆయన కోరిక. అంబేద్కర్ చదివిన చోటు అని అమ్మాయికి ఆయనే దగ్గరుండి చెప్పారు. హోబర్న్ వీధుల్లో ఆఫీసుల మధ్య ఇరికించిన భవనాలు, గేటు లేదు, పచ్చిక లేదు. చదువులో తిరుగులేదు, కానీ పద్దెనిమిదేళ్ల పిల్లను మొదటిసారి ఇల్లు వదిలిపెట్టి ఆ ఊళ్లో, ఆ అద్దెల మధ్య ఉంచడం నాకు నచ్చలేదు. లండన్ పోస్ట్ గ్రాడ్యుయేషన్‌కు బాగుంటుంది.

ఆక్స్‌ఫర్డ్‌కు పాడింగ్టన్ నుంచి గంట, ఒక్క రోజులో వెళ్లొచ్చాం. అందం గురించి నేను రాయనక్కర్లేదు. ఇంటర్నేషనల్ రిలేషన్స్ డిగ్రీ అక్కడ లేదు, ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్ కలిపి చదివే పీపీఈ లాంటివి ఉన్నాయి. ఒకరిద్దరు విద్యార్థులు రాసిన వ్యాసాన్ని ట్యూటర్ ఎదురుగా కూర్చుని చీల్చి చెండాడే పద్ధతి మా అమ్మాయికి భయంగానూ, ఆశగానూ ఉంది. గడువు అక్టోబరు 15, అంటే మిగతావాటి కంటే మూడు నెలలు ముందు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండింటికీ ఒకే ఏడాది పెట్టడానికి వీల్లేదు.

ఇక డబ్బు. విదేశీ విద్యార్థి ఫీజు ఆర్ట్స్ కోర్సులకు చాలాచోట్ల ఏడాదికి 30 వేల పౌండ్ల అటూ ఇటూ ఉంది, అంటే దాదాపు 40 వేల డాలర్లు. సైన్సుకు ఇంకా ఎక్కువ. పైన అద్దె, తిండి. మా న్యూజెర్సీ ప్రభుత్వ యూనివర్సిటీ రట్గర్స్‌లో రాష్ట్రంలోని వాళ్లకుండే ఇన్-స్టేట్ ఫీజు ఇందులో సగం కూడా ఉండదు. కాబట్టి బ్రిటన్ చవక అనే మాట ప్రైవేటు కాలేజీలతో పోలిస్తేనే నిజం. ఆదాయం తక్కువని ఐవీ లీగ్ వాళ్లు ఇచ్చే స్థాయి సాయం అక్కడ ఆశించకూడదు. పిల్లల చదువు కోసం 529 పొదుపు ఖాతాలో దాచింది చాలా బ్రిటిష్ యూనివర్సిటీలకు వాడుకోవచ్చు, ఫెడరల్ లోన్లూ వస్తాయి, తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంట్ మాత్రం రాదు. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ ఫెడరల్ లోన్‌కు 2026 జులై నుంచి ఏడాదికి 20 వేలు, పిల్లకు మొత్తం 65 వేల డాలర్లని పరిమితి పెట్టారు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యం కోసం కట్టే ఆరోగ్య సర్‌చార్జ్ ఏడాదికి 776 పౌండ్లు, వీసాతో పాటు మొత్తం ముందే కట్టాలి. మూడేళ్ల కోర్సుకు రెండున్నర వేలు దాటుతుంది. ఇక్కడి కాలేజీ ఇన్సూరెన్సులు కట్టినవాళ్లకు ఇది పెద్ద మొత్తం కాదు. డిగ్రీ తర్వాత ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లుండేది, 2027 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే.

మనవాళ్ల కోసం మరో రెండు మాటలు. పిల్లలు అమెరికాలో డాక్టర్ అవ్వాలనుకుంటే ఈ దారి వద్దు. ఇక్కడి మెడికల్ స్కూళ్లు చాలావరకు అమెరికాలోనో కెనడాలోనో చదివిన క్రెడిట్లు అడుగుతాయి. బ్రిటన్‌లోనే నేరుగా మెడిసిన్ చదివినా, తిరిగొచ్చి ఆస్పత్రిలో చేసే రెసిడెన్సీ శిక్షణకు విదేశీ పట్టభద్రులలాగా పోటీపడాలి. ఇండియన్ పాస్‌పోర్టుతో, అమ్మానాన్నల హెచ్-1బీ మీద వచ్చే హెచ్-4 వీసాతో ఉన్న పిల్లలదీ వేరే లెక్క. చూసి రావడానికి ఈటీఏ సరిపోదు, విజిట్ వీసా కావాలి. ఫెడరల్ లోన్లు రావు. 21 నిండితే హెచ్-4 పోతుంది గనక చదువు మధ్యలో తిరిగొచ్చే దారి ఏమిటో లాయర్‌ని అడిగాకే అడుగు వేయండి.

బ్రిటన్ యూనివర్సిటీలన్నిటికీ దరఖాస్తు పెట్టే యూకాస్‌లో ఐదు కోర్సులే పెట్టుకోవచ్చు, ఐదింటికీ ఒకే స్టేట్‌మెంట్. అది కూడా ఇప్పుడు వ్యాసంలా కాకుండా మూడు ప్రశ్నలకు జవాబులుగా రాయాలి. స్విమ్మింగ్ మెడల్స్, టెంపుల్లో వాలంటీరింగ్ గురించి వాళ్లకు పెద్దగా పట్టదు. ఆ సబ్జెక్టు మీద ఏం చదివావు, ఏం ఆలోచించావు అన్నదే చూస్తారు. హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల స్కోర్లు బలంగా ఉండాలి. మా అమ్మాయి సెయింట్ ఆండ్రూస్, ఎడిన్‌బరో, డర్హమ్ ఖాయం చేసింది. నాలుగోది వాళ్ల నాన్న కోసం ఎల్ఎస్ఈ. ఐదోదిగా ఆక్స్‌ఫర్డ్ పెట్టాలా, లండన్‌లోని కింగ్స్ కాలేజ్ పెట్టాలా అని తండ్రీకూతుళ్లు రోజూ వాదించుకుంటున్నారు. రట్గర్స్ అప్లికేషన్ కూడా వేయమని నేను చెప్పాను, వేస్తోంది.